ఆగి ఆగి సాగిన ఆదివారాలు

మద్రాసుకు చలికాలం వానల వెనకాల నక్కి నక్కి వస్తుంది. ఆశ్వయుజ, కార్తీకాలు తుపాన్లకే సరిపోతాయి. మార్గశిరం సగం గడిచి, ఆఖరి వాయుగుండం ఏ నాగపట్నం వైపో, ఏ ఒంగోలు వైపో తప్పుకున్నాక ఒక తెల్లవారుజామున గాలి మారుతుంది. పుళల్ చెరువు నిండి ఉంటుంది. మడుల్లో వరి వెన్ను వంచి ఉంటుంది. ధనుర్మాసం పెట్టగానే గుళ్ళలో మైకులు మొదలవుతాయి. అక్కణ్ణించి ఫిబ్రవరి ఆఖరు దాకా, గట్టిగా లెక్కపెడితే పది వారాలు. మోటారు సైకిలు ఉన్నవాడికి మద్రాసులో ఏడాదంటే ఆ పది వారాలే. మిగతా కాలమంతా బండి ఆఫీసుకు పోయి రావడానికి.

1980ల మొదట్నుంచి 90ల నడుమ దాకా ఆ ఆదివారాలు మావి. దాన్ని మేం క్లబ్బు అనుకునేవాళ్ళం. పేరు లేదు, చందా లేదు, చొక్కాల మీద బొమ్మ లేదు. పెరంబూరు, వ్యాసర్పాడి, పురసవాక్కం పేటల తెలుగువాళ్ళం కొందరం, మాతో పెరిగిన తమిళ స్నేహితులు కొందరు, రైల్వే కాలనీలో ఉండే ఆంగ్లో ఇండియన్ ఒకాయన. రైల్వే వర్క్‌షాపు ఫిట్టర్లు, బ్యాంకు గుమాస్తాలు, మింట్ స్ట్రీట్‌లో కాగితాల కొట్టు ఉన్న శెట్టిగారబ్బాయి, ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ మాస్టారు. ఎవరింట్లోనూ ఫోను లేదు కాబట్టి శనివారం నోటిమాటగా తిరిగేది ఒకటే కబురు: “రేపు అయిదింటికి మూలకడై.” వచ్చినవాడు వచ్చాడు. రానివాడి కోసం ఒక టీ తాగేంతసేపు చూసి బయల్దేరడమే.

అసలు క్లబ్బు వేరే ఉండేది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు 1953లో పుట్టింది. ఊరికి ఉత్తరాన కలకత్తా రోడ్డు దాపున, షోళవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఒకటి పనిలేకుండా పడి ఉంటే దాన్ని పందేల మైదానం చేసుకున్నారు. చలికాలం చివర, ఫిబ్రవరిలో, అక్కడ అఖిల భారత పందేలు జరిగేవి. గొండాల్ రాజావారు, కోయంబత్తూరు కరివర్ధన్, కుర్రతనంలో ఉన్న విజయ్ మాల్యా ఆ రన్‌వే మీద కార్లు తోలినవాళ్ళే. మాకు కార్ల గొడవ పట్టేది కాదు. మోటారు సైకిళ్ళ వంతు వచ్చినప్పుడు ఆముదం కలిసిన రేసు ఆయిలు పొగ గాలిలో తేలి వచ్చేది. ఆ వాసన ముక్కుకు తగలగానే టైపు మాస్టారు కళ్ళు మూసుకునేవాడు. సాయంత్రం పందేలు ముగిశాక అసలు ప్రమాదం కలకత్తా రోడ్డు మీద మొదలయ్యేది: చూడ్డానికి వచ్చిన ప్రతి కుర్రాడూ ఇంటికి పోతూ తనే రేసుగాడు. ఆ ఒక్క రోజు మాత్రం మా పెద్దాయన మమ్మల్ని చీకటి పడేదాకా అక్కడే చెట్టుకింద కూర్చోబెట్టి, రోడ్డు ఖాళీ అయ్యాక గానీ కదలనిచ్చేవాడు కాదు. 1990లో క్లబ్బువారు పడమట శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ తెరిచారు. అది సరైన పనే. మా దారి మాత్రం ఉత్తరపు దారి.

పెద్దాయన అంటే మా అందరిలోకీ వయసులో పెద్ద, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన బుల్లెట్టు మాలో కొందరికంటే పెద్దది. ఆయన పెట్టిన నియమం ఒక్కటే: “అద్దంలో నీ వెనక బండి కనపడకపోతే ఆగు.” వెనకవాడు ఆగితే ముందువాడికి అద్దంలో ఎవరూ కనపడరు, వాడూ ఆగుతాడు. వాడి ముందువాడూ అంతే. అలా ఎక్కడో చివరి బండికి వైరు తెగితే, రెండు మైళ్ళ దూరంలో మొదటి బండి కాసేపటికి దానంతటదే నిలబడిపోయేది. హారను కొట్టక్కర్లేదు, కేకలెయ్యక్కర్లేదు. ఆ నియమంలో ఏముందో నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. మా ప్రయాణం పేరుకు ప్రయాణమే గానీ దాని సారమంతా ఆగడంలో ఉండేది.

బుల్లెట్టు మా ఊరి బండి. ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీతో కలిసి మద్రాస్ మోటార్స్ వారు 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. సైన్యానికి బళ్ళు కావలసి రావడమే అందుకు ఊపిరి. మొదట్లో విడిభాగాలు ఓడలో వచ్చేవి, ఇక్కడ బిగించేవారు. తర్వాత అచ్చులూ పనిముట్లూ కూడా తిరువొత్తియూరుకే వచ్చేశాయి. రెడ్డిచ్‌లో ఫ్యాక్టరీ మూతపడింది, ఇక్కడ మాత్రం అదే నమూనా బండి తయారవుతూనే ఉంది. 1977లో అదే బుల్లెట్టు తిరిగి ఇంగ్లండుకు ఎగుమతి అయింది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఉత్తర మద్రాసు వాళ్ళ గొంతులో ఒక చిన్న మెరుపు వినపడేది. ట్యాంకు మీద బంగారు గీత చేత్తోనే గీసేవారు. కుంచె పట్టి ఒక్క ఊపిరిలో, కొలబద్ద లేకుండా.

మా చేతికొచ్చేసరికి ఆ బళ్ళు మూడో చేతివీ నాలుగో చేతివీ. ఆయిలు కారితే తప్పు బండిది కాదు, వయసుది. పుదుపేటలో పాత సామాన్లు తూకానికి తెచ్చుకుని, జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొత్తవి బేరమాడి, రాయపేటలో భాయ్ కొట్టు ముందు గోనెపట్టా మీద కూర్చుని బిగించుకున్నవి. అయితే వాటిని లేపడం ఒక విద్య. పెట్రోలు ట్యాపు తిప్పి, ఎడమచేతి పక్కనున్న చిన్న మీట నొక్కి పట్టుకుని, ఆమ్మీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా కిక్కు మెల్లగా దింపాలి. ముల్లు నడిమికొచ్చిందంటే లోపల పిస్టను కొండకొమ్ము దాటబోతోందన్న మాట. ఇంకొక్క వెంట్రుకవాసి దింపి, మీట వదిలి, కాలు పైకి తెచ్చి, ఒంటి బరువంతా వేసి ఒకే ఒక తన్ను. పడితే పడ్డట్టు. లెక్క తప్పితే కిక్కు ఎదురు తన్నేది, పిక్క పట్టుకుని ఒంటికాలి మీద గెంతాలి. బలం ఉన్నవాడి బండి కాదది. టైపు మాస్టారు ఈతపుల్లంత మనిషి, ఒకే తన్నుకు లేపేవాడు. వస్తాదులు చెమటలు కక్కేవారు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఆ అలవాటు పడ్డవాడు ఇంకో బండి ఎక్కితే ఆపబోయి గేరు మార్చేవాడు.

మైసూరు నుంచి వచ్చిన యెజ్డీలు మాలో మూడు ఉండేవి. వాటి జంట సైలెన్సర్ల మోత వేరు, అమరిక వేరు: కిక్కు రాడ్డే గేరు రాడ్డు కూడా, తన్ని ముందుకు తిప్పితే గేరు. 1985 తర్వాత యమహా ఆర్ఎక్స్ 100 ఒకటి చేరింది. ఆ కుర్రాడు ప్రతి ఊరికీ మాకంటే ముందే చేరి, సగం సిగరెట్టు కాల్చి, నియమం గుర్తొచ్చి వెనక్కొచ్చేవాడు. అదే ఏడు వచ్చిన హీరో హోండా సీడీ 100ను మాత్రం మేం బండిగా లెక్కపెట్టలేదు. అందులో సొంతంగా విప్పి చూసుకోవలసిన అవసరమే కనపడలేదు. దాని యజమాని, బ్యాంకు గుమాస్తా, పాపం, ఎప్పుడూ మా వెనకాల మౌనంగా వచ్చేవాడు. అందరి బళ్ళకూ స్పానర్లు అందించేది కూడా అతనే.

మూలకడైలో టీ. చలికి చొక్కా లోపల పేపరు. శనివారం ‘హిందూ’ అయితే రెండు మడతలు చాలు, గాలి గుండెకు తగలదు. మంకీ క్యాపులు, ఆఫీసు స్వెట్టర్లు. ఇరవై డిగ్రీల చలికి ఈ వేషమేమిటని ఉత్తరాది వాళ్ళు నవ్వుతారు గానీ, తెల్లవారుజామున పుళల్ చెరువు కట్ట పక్కన బండి మీద వెళ్ళి చూడమనండి. నీళ్ళ మీంచి లేచిన తడి గాలి మోకాళ్ళలోకి దూరుతుంది. చెరువు దాటితే రెడ్‌హిల్స్ బియ్యం మిల్లులు. నెల్లూరు నుంచి ధాన్యం లారీలు బారులు తీరి ఉండేవి. వడ్లు ఉడికిన ఆవిరి రోడ్డంతా కమ్మేసేది, ఆ కాస్త దూరం వెచ్చగా ఉండేది. మేం అక్కడ కావాలనే నెమ్మదించేవాళ్ళం.

కారనోడై వంతెన దాటి, జనప్పన్‌చత్రం కూడలిలో కలకత్తా రోడ్డు వదిలి ఎడమకు తిరిగితే అసలు దారి మొదలు. ఒకటిన్నర లారీ వెడల్పు తారు, వానలకు అంచులు కొరుక్కుపోయి, రెండు పక్కలా చింతచెట్లు. పెరియపాళయం భవానమ్మ గుడి ముందు వేపాకు చీరలు కట్టుకున్నవాళ్ళు ప్రదక్షిణాలు చేస్తూ ఉండేవారు. ఆ అమ్మకు మొక్కుకునే తెలుగువాళ్ళు తక్కువేం కాదు. ఎక్కడ ముగ్గులో గొబ్బెమ్మలు కనపడితే అది తెలుగు ఊరు, గుమ్మడిపువ్వు ఒక్కటే ఉంటే తమిళ ఊరు అని శెట్టిగారబ్బాయి ఒక సిద్ధాంతం లేవదీశాడు. పెద్దాయన దాన్ని కొట్టిపారేశాడు: “ఆ గొబ్బెమ్మ పెట్టిన పిల్ల ఏ భాషలో తిడుతుందో ముందు విను.” నిజమే. ఆ పట్టున ఒకే అరుగు మీద రెండు భాషలు. 1960 ఏప్రిల్ 1న హద్దులు మార్చినప్పుడు తిరుత్తణి మద్రాసుకు పోయింది, సత్యవేడు పట్టు ఆంధ్రకు వచ్చింది. కాగితం మీద గీత మారింది గానీ పెళ్ళి సంబంధాలు పాత దారినే నడిచాయి. ఊతుకోట దాకా తమిళ బోర్డులు, అది దాటి సురుటుపల్లిలో తెలుగు బోర్డులు. మధ్యన చెక్‌పోస్టు. 1995 జనవరిలో ఆంధ్రలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు మాత్రం ఆ చెక్‌పోస్టుకు మా మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. బుల్లెట్టు పక్క పెట్టెలు రెండూ తెరిపించేవారు. ఒకదాంట్లో స్పానర్లు, ఇంకోదాంట్లో వదిన కట్టిచ్చిన పులిహోర. ఒక కానిస్టేబులు పొట్లం వాసన చూసి, కాస్త పెట్టించుకుని తిని పంపాడు.

సురుటుపల్లిలో శివుడు పడుకుని ఉంటాడు. హాలాహలం మింగిన అలసటకు పార్వతి ఒడిలో తల పెట్టి, పొడుగ్గా, నిలువెత్తు మనిషిగా. యాభై కిలోమీటర్లు గతుకుల్లో వచ్చి ఆ విగ్రహం ముందు నిలబడితే నడుం పట్టేసిన ప్రతివాడికీ అది భక్తికంటే సానుభూతి. తర్వాత రామగిరి. అక్కడ కోనేట్లోకి నంది నోట్లోంచి నీళ్ళు పడుతూనే ఉంటాయి, ఎండాకాలం కూడా. ముఖాలు కడుక్కుని మెట్ల మీద ఇడ్లీ పొట్లాలు విప్పేవాళ్ళం. అప్పటికి ఎండ కాస్త వెచ్చబడేది. ఇంజన్లు చల్లబడుతూ టిక్కు టిక్కుమనేవి.

రామగిరి దాటాక రోడ్డే కళ్ళం. నూర్పిళ్ళ కాలం. ఉలవ కట్టె, రాగి వెన్నులు తారు మీద పరిచేవారు, లారీలూ బస్సులూ తొక్కిపోతే గింజ రాలుతుందని. బస్సుకు అది మెత్తటి పరుపు, మోటారు సైకిలుకు యముడి చాప. కింద గింజ చక్రాలకు గోలీలై జారుతుంది. పైన గడ్డి గొలుసులో చుట్టుకుంటుంది, వేడి సైలెన్సరుకు తగిలి పొగ లేస్తుంది. రైతును తిట్టడానికి లేదు, ఆయనకు అంతకంటే మంచి గచ్చు ఎక్కడుంది? దిగి, నడిపించుకుంటూ దాటాలి. ఒక జనవరిలో యెజ్డీ వాడు దిగలేదు. పడ్డాడు, మణికట్టు వాచిపోయింది. పక్క పొలంలోవాళ్ళు పరిగెత్తుకొచ్చి లేపి, నొప్పికి వాడు కేకలు పెడుతుంటే నింపాదిగా అన్నారు: “భయం లేదన్నా, పుత్తూరు ఈడే గదా.” మద్రాసు సందుసందుకూ ‘పుత్తూరు కట్టు’ అని బోర్డులుంటాయి. విరిగిన ఎముకకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు పెట్టి గుడ్డతో కట్టే వైద్యం. మా వాడు మాత్రం అసలు పుత్తూరులోనే కట్టించుకున్నాడు. మద్రాసు తిరిగొచ్చాక పేటలో ఆ కట్టును ఒక పతకంగా తిప్పాడు, నెలన్నర.

ఇక చెప్పవలసిన అసలు సంగతికి వస్తాను. ఒక డిసెంబరు ఆదివారం నాగలాపురానికి ఇంకాస్త దూరం ఉందనగా పెద్దాయన బండి దగ్గి, తుమ్మి, నిలబడిపోయింది. దారిలో పోయించుకున్న పెట్రోల్లో నీళ్ళు. నియమం ప్రకారం అందరం నిలబడ్డాం. కార్బురేటరు విప్పి గుడ్డ మీద పరిచేసరికి చుట్టూ పిల్లలు, వాళ్ళ వెనక పెద్దలు. చెరుకు కొట్టే కాలం కాబట్టి పక్కనే గానుగ ఆడుతోంది. పెద్ద పెనంలో పాకం ఉడుకుతోంది. ఒక ముసలమ్మ వచ్చి, “యాడ్నించన్నా వస్తా ఉండారు?” అంది. మద్రాసన్నాం. “మా చిన్నోడు ఆడే గదా, కొత్వాల్‌చావడిలో మూటలు మోస్తాడు. చూస్తిరా వాణ్ణి?” మద్రాసంటే ఆమె దృష్టిలో అందరూ ఒకరికొకరు ఎదురయ్యే ఊరు. మేం నవ్వలేదు, ఎందుకంటే శెట్టిగారబ్బాయి కొట్టుకు కొత్వాల్‌చావడి నాలుగు సందుల దూరం. “పేరు చెప్పమ్మా, చూస్తాను” అన్నాడు. ఆమె పేరు చెప్పి, వేడి బెల్లం ఒక అరిటాకులో, చింతపండు ఒక గుడ్డమూటలో ఇచ్చింది. మూట బుల్లెట్టు వెనక సీటు మీద మద్రాసుకు వచ్చింది. సోమవారం శెట్టిగారబ్బాయి కూరగాయల బస్తాల మధ్య ఆ చిన్నోణ్ణి వెతికి పట్టుకుని ఇచ్చాడు. వాడు వీధిలోనే చతికిలబడి ఏడ్చాడట.

ఆ తర్వాతి నెలలో ఆ దారిన మళ్ళీ వెళ్ళినప్పుడు ఎవరి బండీ చెడలేదు. అయినా గానుగ దగ్గర ఆగాం. చిన్నోడు పంపిన డబ్బు, ఒక కంబళి ఇవ్వాలి కదా. ఇక అది మొదలు. ఒక ఊళ్ళో ఆగితే పక్క ఊరికి తెలిసేది. మద్రాసు నుంచి వెళ్ళేటప్పుడు మా వెనక సీట్ల మీద ఏముండేవో చెబితే ఇప్పుడు ఎవరూ నమ్మరు: కళ్ళజోళ్ళు, జనరల్ ఆసుపత్రి మందుల చీటీలూ మందులూ, ప్యారిస్ కొట్లలో కొన్న ఆయిలింజను నాజిలు, పెళ్ళి శుభలేఖల కట్ట, స్కూలు పుస్తకాలు, ఒకసారి హార్మోనియం. వచ్చేటప్పుడు వేరుశనగ, చింతపండు, మామిడల్లం, తేగలు, సంక్రాంతి అరిసెలు, ఒకటి రెండు సార్లు గంపలో కోడి. టైపు మాస్టారు ఇంకో మెట్టు ఎక్కాడు. గానుగ పక్కన బోర్లించిన బుట్ట మీద అట్ట పెట్టుకుని వాళ్ళకు అర్జీలు రాసేవాడు. తాలూకా ఆఫీసుకు, కరెంటు ఆఫీసుకు, పింఛనుకు. మద్రాసుకు తెచ్చి టైపు చేసి, తర్వాతి ఆదివారం సంతకాలకు తీసుకెళ్ళేవాడు. రూపాయి పుచ్చుకోలేదు గానీ, ఉడకేసిన చెనక్కాయలు మాత్రం దోసిలి చాలక స్వెట్టరు పట్టి పోయించుకునేవాడు.

మేం మోటారు సైకిలు క్లబ్బుగా బయల్దేరి, పోస్టాఫీసుగా తేలాం. దీన్ని సేవ అని ఎవరూ అనలేదు. ఆ ఊళ్ళవాళ్ళూ అనుకోలేదు. ఎదురు మాకు వాళ్ళే సాయం చేసినట్టు లెక్క. చలిలో తిండి పెట్టేది వాళ్ళు, రాత్రి చిక్కుపడితే పడుకోబెట్టేది వాళ్ళు. ఒకసారి క్లచ్చు కేబులు తెగితే సైకిలు బ్రేకు తీగతో, కట్టె మేకుతో ముడేసి సత్యవేడు దాకా పంపింది ఒక బండ్ల కంసాలి. పెద్దాయన ఆ ముడి విప్పకుండా మద్రాసు దాకా వచ్చి, వర్క్‌షాపులో తోటివాళ్ళకు చూపించాడు.

నాగలాపురంలో వేదనారాయణస్వామి గుడి. తల్లి నాగలాంబ పేరున కృష్ణదేవరాయలు కట్టించిన ఊరని అక్కడివాళ్ళు గర్వంగా చెబుతారు. మా పరిచయం గర్భగుడికంటే బయటి రావిచెట్టు నీడతో ఎక్కువ. మధ్యాహ్నం అక్కడ ఒక కునుకు, తర్వాత సత్యవేడు మీదుగా వరదయ్యపాళెం, తడ. ఆ దారిలో అప్పుడు మామిడి తోటలు, మొగిలి పొదలు, మేకలు. గంటసేపు ఎదురుగా ఇంకో మోటారు వచ్చేది కాదు. 1983 ఒప్పందం తర్వాత తెలుగుగంగ కాలువ తవ్వకాలు ఊతుకోట చుట్టుపక్కల ఎర్రమట్టి దిబ్బలై ఏళ్ళ తరబడి కనపడేవి. మద్రాసుకు కృష్ణ నీళ్ళు వస్తాయంటే మాలో సగంమంది నమ్మలేదు. 1996లో వచ్చాయి. అప్పటికి మేం ఆ దారిన వెళ్ళడం తగ్గిపోయింది.

ఎక్కువ పొద్దు మిగిలిన రోజుల్లో తడ నుంచి సూళ్ళూరుపేట దాకా పోయేవాళ్ళం. చెంగాళమ్మ గుడికి తలుపులు ఉండవు, రాత్రనక పగలనక తెరిచే ఉంటుంది. లారీ డ్రైవర్లకు ఆమె మీద గురి. శ్రీహరికోట వైపు పులికాట్ మధ్యలోంచి పోయే రోడ్డు మీద చలికాలంలో రెండు వైపులా రాజహంసలు. లేత గులాబీ గుంపు ఒక్కసారి లేచినప్పుడు రెక్కల కింది నలుపు కనపడుతుంది. మా ఆంగ్లో ఇండియన్ మిత్రుడు బైనాక్యులర్లు తెచ్చేవాడు, వంతులవారీ చూపించేవాడు. బుల్లెట్ల మోతకు పక్షులు బెదురుతాయని ఆయనే ఇంజన్లు ఆపించి చివరి ఫర్లాంగు నెట్టించేవాడు. బండి నెట్టడం మాకు కొత్త కాదు కాబట్టి ఎవరూ సణగలేదు.

తిరుగు దారి కలకత్తా రోడ్డు. చీకటి పడ్డాక అది మాది కాదు, లారీలది. 6 వోల్టుల దీపం వెలుగు ముందు చక్రాన్ని దాటి పోయేది కాదు. ఉపాయం ఒకటుండేది: నిదానంగా పోయే లారీ ఒకదాన్ని ఎంచుకుని, దాని వెలుగులో, దాని వెనక బారుగా రావడం. ఆరంబాకం, గుమ్మిడిపూండి, కవరైపేట. లారీ క్లీనరు వెనక్కి తిరిగి మమ్మల్ని లెక్కపెట్టి, డ్రైవరుకు చెప్పేవాడు. గొయ్యి వస్తే ముందే చెయ్యి ఊపేవాడు. రెడ్‌హిల్స్ దగ్గర విడిపోయేటప్పుడు హారను మోగించేవారు. పేర్లు ఎప్పుడూ అడగలేదు.

ఈ క్లబ్బు ఎలా పోయిందని అడిగితే మామూలుగా చెప్పే జవాబులున్నాయి. పిల్లలు, బాధ్యతలు, మోకాళ్ళు. అవీ నిజమే. నన్నడిగితే మా క్లబ్బును చంపింది ఎస్టీడీ బూతు. 90ల మొదట్లో నాగలాపురంలో పసుపు బోర్డు వెలిసింది, తర్వాత సత్యవేడులో, చివరికి గానుగ ఉన్న ఊరి మలుపులో. ముసలమ్మ కొడుకు రాత్రి పొద్దుపోయాక తక్కువ రేటుకు ఫోను చేసి మాట్లాడేవాడు. మంచిదే, ఆ తల్లి కొడుకు గొంతు వినింది. మా వెనక సీటు మాత్రం ఖాళీ అయింది. 1996లో కొత్వాల్‌చావడి కూరగాయల బజారు కోయంబేడుకు తరలింది, చిన్నోడూ దాంతోనే పోయాడు. ఆ ఏడే మద్రాసు చెన్నై అయింది. రెండోది, బళ్ళు బాగుపడ్డాయి. హీరో హోండాలు ఒకటై, రెండై, చివరికి మాలో ఎక్కువమందివి అవే అయ్యాయి. చెడని బండికి ఆగే పని లేదు. ఆగని బండికి ఊరు తెలియదు. 90ల చివర మేం ఒకసారి పంతం పట్టి అదే దారిన వెళ్ళొచ్చాం. మధ్యాహ్నం భోజనం వేళకు అందరం ఇంట్లో ఉన్నాం. అందరికీ ఒకటే అనుమానం, ఏదో మరిచిపోయి వచ్చామని.

ఆ రోజుల్ని వెనక్కి రమ్మని నేను పిలవను. ఆ బ్రేకులతో, ఆ దీపాలతో, తలకు మంకీ క్యాపు పెట్టుకుని లారీల మధ్య తిరిగి బతికి బట్టకట్టడం మా తెలివి కాదు. ఇప్పటి పిల్లలు హెల్మెట్లు, మోకాలి కవచాలు కట్టుకుని, తెల్లవారకముందే ఆరు వరసల రోడ్డెక్కి, నెల్లూరులో టిఫిను తిని పదకొండుకల్లా తిరిగొస్తారు. చూడముచ్చటగా ఉంటారు. 2008 నుంచి సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో శ్రీసిటీ లేచింది, మేం మేకల మందకు దారిచ్చిన చోట కంటైనర్లు తిరుగుతున్నాయి. అన్నిటికంటే విచిత్రం, సత్యవేడు మండలం మాదన్నపాళెంలో ఇప్పుడు హీరో మోటారు సైకిళ్ళే తయారవుతున్నాయి. మేం బండిగా లెక్కపెట్టని బండి మా దారిలోనే పుట్టిల్లు కట్టుకుంది. ఆ బ్యాంకు గుమాస్తా ఉంటే స్పానరు కింద పెట్టి నవ్వేవాడు.

పెద్దాయన పోయాక బుల్లెట్టును కొడుకులు అమ్మేశారు. పుదుపేటలో తూకానికి పోవలసిన ఇనుము, కాలం తిరిగి, మేం కలలో కూడా అనుకోని ధర పలికింది. కొన్నతను కలకత్తా రోడ్డు మీద కొత్తగా హోటలు పెట్టాడు. వాకిట్లోనే అద్దాల గదిలో బండి నిలబెట్టాడు. ట్యాంకు మీద బంగారు గీత మళ్ళీ గీయించాడు, చక్కగా ఉంది. పోయిన సంక్రాంతికి మేం మిగిలినవాళ్ళం కార్లో వెళ్ళి ఇడ్లీ తిన్నాం. బండి కింద నేల తళతళలాడుతోంది. ఒక్క చుక్క ఆయిలు లేదు. టైపు మాస్టారికి అనుమానం వచ్చి సర్వరును పిలిచి అడిగాడు.

“ఇంజన్లో ఆయిలంతా తీసేశారు సార్, పాలరాయి పాడవుతుందని.”

మాస్టారు లేచి అద్దం చుట్టూ ఒక తిరుగు తిరిగి వచ్చాడు. కుర్చీలో కూర్చుంటూ అన్నాడు: “క్లచ్చు కేబులు కూడా లేదు రా. అక్కడ సైకిలు తీగే ఉంది, ముడితో సహా.”

సర్వరుకు అర్థం కాలేదు. మాకు ఇంకో రౌండు కాఫీ తెచ్చాడు.